ముప్ఫై ఒకటో లిస్టు

లెనిన్ సెంటర్లో పాత పుస్తకాలాయన
నూటఅరవై చెప్పి నూటపదికి ఇచ్చాడు.
వెనకట్ట లేదు. మొదటి పేజీలో నీలం సిరాతో
సిహెచ్. మేరీ కెజియా, పటమట.
లోపల యాభై లిస్టులు, మూడు వేల పైచిలుకు మాటలు,
ఒక్కటీ మన ఇళ్ళల్లో పుట్టింది కాదు.

సూర్యారావుపేటలో మందుల షాపు, రాత్రి డ్యూటీ నాది.
కౌంటరు కింద సిరంజిల డబ్బా, దాని మీద పుస్తకం.
పరీక్ష ఇంకా నలభై మూడు రోజులు.
ఇరవై అక్షరాల మందు పేరు
డాక్టరు కోడిగీతల్లోంచి చదివేస్తాను గానీ
ఈ మాటలు మాత్రం తెల్లారేసరికి
ఐసు పెట్టని ఇన్సులిన్‌లా పాడైపోయేవి.

కెజియా లేకపోతే 'ఎ' దగ్గరే ఆగేవాణ్ణి.

ప్రతి మాట పక్కనా పెన్సిల్‌తో, చీమలబారు అక్షరాలు.
కజోల్: కాజా చేతిలో పెట్టి బుజ్జగించడం.
గారులస్: గారెలు చల్లారిపోతున్నా నోరాపని మా మేనత్త.
మాడ్లిన్: మాడిన అన్నం ముందు కూర్చుని ఏడుపు.
(ఇక్కడ ఒక బొమ్మ కూడా. గిన్నె, రెండు కన్నీటి చుక్కలు.)
ఒక్కణ్ణే నవ్వుకుంటుంటే
దగ్గుమందు కోసం వచ్చినాయన
అనుమానంగా చూసి చిల్లర రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.

అంచుల్లో ఇంకేవేవో ఉన్నాయి.
కోచింగ్ ఫీజు రెండో వాయిదా.
ఒక అంకె తక్కువైన ఫోన్ నంబరు.
ఆదివారం చర్చి తర్వాత లిస్టు 22, తప్పకుండా.
నాదిర్ దగ్గరికి వచ్చేసరికి హాస్యం కాస్త పలచబడింది:
'నాది రా' అనడానికి ఏదీ మిగలని అడుగు.

ముప్ఫై ఒకటో లిస్టు.
పాలియేటివ్ అన్న మాట పక్కన
కాజా లేదు, గారె లేదు.
ఆరు, రెండు, పది అని మూడు గంటలు రాసుంది.
ఒక బిళ్ళ.
దాంతో వచ్చే వాంతికి ఇంకో బిళ్ళ.
విరేచనం బిగిస్తే రెండు చెంచాల సిరప్పు.
ఆ మూడూ ఒకే చీటీ మీద ఎప్పుడు రాస్తారో
ఈ పేటలో మందుల బీరువా ముందు నిలబడే ఎవర్నడిగినా చెబుతారు,
చెప్పేముందు ఒకసారి చీటీ తెచ్చిన మనిషి మొహం చూస్తారు.

నాలుగు మాటల కింద, పల్లిడ్:
పల్లీకి పొట్టు తీసినట్టు. అమ్మ.

అంతే.
ఆ తర్వాత అంచులన్నీ తెల్లగా ఉన్నాయి,
ఎవరూ ముట్టుకోని పేజీల బిగువు ఇంకా అలాగే ఉంది.

పుస్తకం ఎప్పుడు అమ్మారో, ఎవరు అమ్మారో,
ఆవిడ పరీక్ష రాసిందో లేదో,
ఇంకో కొత్త పుస్తకం కొనుక్కుని ఎక్కడో హాయిగా ఉందో,
పాత పుస్తకాలాయన్ని అడిగాను మర్నాడు.
'బస్తాల్లెక్కన కొంటాం బాబూ' అన్నాడు.

మూడు రాత్రులు ముప్ఫై ఒకటి దాటలేదు నేను.
నాలుగో రాత్రి పెన్సిల్ చెక్కుకున్నాను.
పెన్ను ఉంది జేబులో, కానీ పెన్సిలే.
అక్షరాలు వీలైనంత చిన్నవిగా రాశాను.
రెటిసెంట్: రెట్టించి అడిగినా చెప్పనిది.
బాగానే కుదిరింది. టాసిటర్న్ కూడా:
తాసీల్దారు, సంతకం అడిగితే నోరు విప్పడు.
మధ్యలో ఒకటి రెండు అస్సలు కుదర్లేదు, చెరిపేశాను.

రెండున్నరకి షట్టరు మీద ఎవరో గబగబా కొట్టారు.
'అన్నా, జ్వరం మందు, పసిబిడ్డకి.'
బరువెంతో అడిగి, సీసా మూతలో గీత చూపించి,
వచ్చి కూర్చునేసరికి
ఫ్యానుగాలికి పేజీలు వెనక్కి తిరిగి
కజోల్ దగ్గర ఆగున్నాయి.